లేదంటే లేదని చెప్పాలి!

పెన్‌డ్రైవ్‌ గుచ్చగానే కంప్యూటర్లో ప్రత్యక్షమవుతుంది. వెబ్‌క్యామ్‌ తగిలించగానే తెర మీద మన బొమ్మ కనిపిస్తుంది. మనకది మామూలు విషయం. కానీ ఆ ‘గానే’ వెనక రెప్పపాటులో ఓ సంభాషణ జరిగిపోతుంది. ‘నీకిది వచ్చా?’ ‘రాదు.’ ‘పోనీ, ఇది?’ ‘ఆ, వచ్చు.’ ఆ మాటామంతీ నడిపే సాఫ్ట్‌వేర్‌ పేరే డివైస్‌ డ్రైవర్‌. ‘రాదు’ అన్న జవాబును అది ఎంత నిబ్బరంగా తీసుకుంటే మన పని అంత సాఫీగా సాగుతుంది. తీసుకోలేకపోతే..? ఒక్కోసారి ఊరంతా ఆగిపోతుంది!

* * *

2024 జులై 19, శుక్రవారం. శంషాబాద్‌ విమానాశ్రయం. చెక్‌-ఇన్‌ కౌంటర్ల ముందు చాంతాడంత వరసలు. దేశమంతటా విమానయాన సంస్థల కంప్యూటర్‌ వ్యవస్థలు మొరాయించిన రోజది. ప్రయాణికులు విసిగిపోతున్నారు. విమానాల వేళలు దాటిపోతున్నాయి. అప్పుడు కౌంటర్లోని సిబ్బంది ఓ పని చేశారు. పెన్ను తీశారు. పేరు, విమానం నంబరు, సీటు నంబరు... బోర్డింగ్‌ పాసుల మీద చేత్తో రాసివ్వడం మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో అలా రాసిచ్చిన ఓ పాసు ఫొటో ఇంటర్నెట్‌లో ప్రపంచమంతా తిరిగింది.

ఆ రోజు ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్‌ కంప్యూటర్లు నీలి తెరలతో నిలిచిపోయాయని మైక్రోసాఫ్ట్‌ లెక్క వేసింది. ఆసుపత్రులు, బ్యాంకులు, టీవీ ఛానెళ్లు... దెబ్బ తగలని రంగం లేదు. వైరస్సా? కాదు. హ్యాకర్ల పనా? అదీ కాదు. క్రౌడ్‌స్ట్రైక్‌ అనే భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేర్‌కి పంపిన ఓ చిన్న అప్‌డేట్‌. ఆ సాఫ్ట్‌వేర్‌ విండోస్‌ లోపలి పొరల్లో డ్రైవర్‌ రూపంలో పనిచేస్తుంది. కొత్తగా వచ్చిన ఫైలు 21 అంశాలను చూడమంది. చూడటానికి అందించినవి మాత్రం ఇరవయ్యే. ఇరవై ఒకటోది ఉందా లేదా అని ఆ ప్రోగ్రాము సరిచూసుకోలేదు. ఉందనే అనుకుంది. తనది కాని చోట చేయి పెట్టింది. అంతే! మొత్తం వ్యవస్థ కుప్పకూలింది.

ఇరవై మెట్లున్న దిగుడుబావిలో ఇరవై ఒకటో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే ఏమవుతుంది? సరిగ్గా అదే అయింది.

నిజానికది హార్డ్‌వేర్‌ గొడవ కాదు. కానీ హార్డ్‌వేర్‌తో మాట్లాడే డ్రైవర్లు రాసేవాళ్లు ప్రతిరోజూ తమను తాము వేసుకోవాల్సిన ప్రశ్న కూడా అదే. ‘నేను ఉంటుందనుకున్నది అక్కడ లేకపోతే..?’

ఎవరీ డ్రైవరు?

పూర్వం దొరలకూ మన జమీందార్లకూ మధ్య దుబాసీలుండేవారు. ఇటు భాష అటు, అటు భాష ఇటు చెప్పడం వాళ్ల పని. కంప్యూటర్లో డ్రైవరూ అలాంటి దుబాసీయే. విండోస్‌, లినక్స్‌ లాంటి ఆపరేటింగ్‌ సిస్టమ్‌కి ప్రింటర్‌ భాష రాదు. ప్రింటర్‌కి విండోస్‌ భాష రాదు. ‘ఈ పేజీ అచ్చు వెయ్యి’ అని ఆపరేటింగ్‌ సిస్టమ్‌ చెబితే, దాన్ని ఆ ప్రింటర్‌కి అర్థమయ్యే ఆజ్ఞలుగా మార్చి చెప్పేది డ్రైవర్‌. మౌస్‌, కీబోర్డు, కెమెరా, హార్డ్‌డిస్క్‌, వైఫై... ప్రతిదానికీ ఒక దుబాసీ ఉండాల్సిందే. అందుకే లినక్స్‌ కెర్నల్‌ కోడులో సగానికిపైగా డ్రైవర్లే ఉంటాయి.

ఈ దుబాసీ తప్పు చేస్తే నష్టం మామూలుగా ఉండదు. బొమ్మలు గీసుకునే ప్రోగ్రామో పాటలు వినే ప్రోగ్రామో చెడిపోతే అదొక్కటే ఆగిపోతుంది. రైల్లో ఒక ప్రయాణికుడు సొమ్మసిల్లితే రైలు ఆగదు కదా! కానీ చాలా డ్రైవర్లు ఆపరేటింగ్‌ సిస్టమ్‌ గుండెకాయ లాంటి కెర్నల్‌లోనే పనిచేస్తాయి. అంటే ఇంజిన్‌లో కూర్చున్నట్టు. అక్కడివాళ్లు సొమ్మసిల్లితే రైలంతా ప్రమాదంలో పడినట్టే. విండోస్‌ ఎక్స్‌పీలో అప్పట్లో నమోదైన వైఫల్యాల్లో 85 శాతం డ్రైవర్ల వల్లేనని వాషింగ్టన్‌ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లో తమ పత్రంలో రాశారు.

ఒకే ఇంటిపేరు... వేరే గుణాలు

అసలు ‘లేకపోవడం’ అనే సమస్య ఎందుకొస్తుంది? ఫలానా పరికరంలో ఏమేం ఉన్నాయో తయారుచేసిన కంపెనీకి తెలియదా? తెలుసు. కానీ ఒక్కో పరికరానికీ ఒక్కో డ్రైవర్‌ రాసుకుంటూ పోతే ఆ పనికి అంతుండదు. అందుకే ఒక కుటుంబంలోని పరికరాలన్నిటికీ కలిపి ఒకే డ్రైవర్‌ రాస్తారు. ఆ కుటుంబంలో అన్నయ్యకు అన్నీ వచ్చు. తమ్ముడికి సగమే వచ్చు. పాత మోడల్‌కి కొత్త విద్యలు తెలియవు. చవక మోడల్‌లో కొన్నింటిని కంపెనీయే కావాలని తీసేస్తుంది.

ఇందుకు పేరున్న ఉదాహరణ ఇంటెల్‌ 486 ఎస్‌ఎక్స్‌. 1989లో వచ్చిన 486 చిప్‌లో దశాంశాల లెక్కలు చకచకా చేసే గణిత విభాగం కూడా కలిసే ఉండేది. 1991లో చవగ్గా అమ్మేందుకు ఇంటెల్‌ ఎస్‌ఎక్స్‌ రకాన్ని తెచ్చింది. అందులో ఆ గణిత విభాగం పనిచేయదు. చూడ్డానికి రెండూ 486లే. ఒకదానికి లెక్కలొచ్చు, ఇంకోదానికి రావు. మరి లెక్కలు అవసరమైన ప్రోగ్రాము ఎస్‌ఎక్స్‌ ఉన్న కంప్యూటర్లో నడిచేదెలా? ఆ కథ ముందుముందు చెప్పుకుందాం.

అడిగి తెలుసుకో!

మంచి డ్రైవర్‌ పాటించే మొదటి సూత్రం... ఊహించుకోకు, అడుగు. అలా అడిగే ఏర్పాట్లు హార్డ్‌వేర్‌ ప్రపంచంలో ఒక్కొక్కటిగా వచ్చాయి. ప్రాసెసర్‌ని ‘నీకేమేం వచ్చు?’ అని అడగడానికి ‘సీపీయూఐడీ’ అనే ఆజ్ఞ ఉంది. మదర్‌బోర్డు మీది పీసీఐ కార్డులకు తయారీ సంస్థ నంబరు, మోడల్‌ నంబరు ఉంటాయి. వాటితోపాటే తమ సామర్థ్యాల జాబితా ఒకటి దగ్గర పెట్టుకుంటాయి. డ్రైవర్‌ ఆ జాబితా చదివి, తనకు కావాల్సింది కనిపిస్తే వాడుకుంటుంది. లేకపోతే లేదు.

యూఎస్‌బీలో ఈ సంభాషణ ఇంకా ముచ్చటగా ఉంటుంది. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 వేగం సెకనుకు 480 మెగాబిట్లు. అంతకుముందున్న దాని వేగం పన్నెండే. అంటే నలభై రెట్లు తేడా. కొత్త పరికరాన్ని పాత పోర్టులో పెడితే? అది గర్వపడకుండా ముందు పాత వేగంతోనే పరిచయం చేసుకుంటుంది. తర్వాత ఓ ప్రత్యేకమైన సంకేతం పంపుతుంది. దానికి ఇంజినీర్లు పెట్టిన పేరు ‘చిర్ప్‌’... అంటే పిట్ట కిచకిచ! అటువైపునుంచీ కిచకిచ వినిపిస్తే ఇద్దరూ వేగం పెంచుకుంటారు. వినిపించకపోతే పాత వేగంతోనే సర్దుకుపోతారు. విండోస్‌ ఎక్స్‌పీ వాడినవాళ్లకి తెర కింద ఓ మూలన బుడగ పైకి రావడం గుర్తుండే ఉంటుంది. ‘ఈ పరికరం ఇంకా వేగంగా పనిచేయగలదు’ అని. పని ఆగలేదు. ఎందుకు నెమ్మదిగా సాగుతోందో కూడా చెప్పింది. మర్యాద అంటే అదీ!

యూఎస్‌బీ పరికరాన్ని దానికి తెలియని పని అడిగితే ఏం చేయాలో కూడా ఆ ప్రమాణంలోనే రాసిపెట్టారు. ‘స్టాల్‌’ అనే సంకేతం పంపాలి. ‘అయ్యా, ఇది నావల్ల కాదు’ అని దాని అర్థం. డ్రైవర్‌ దాన్ని విని తర్వాతి పనికి వెళ్లిపోవాలి. కంగారుపడకూడదు.

అసలు జవాబే రాకపోతే? అక్కడా ఓ చిక్కుంది. పీసీఐలో లేని పరికరాన్ని పలకరిస్తే సాధారణంగా అన్నీ ఒకట్లే జవాబుగా వస్తాయి. పని మధ్యలో కార్డు ఊడిపోయినా అంతే. ‘ఈ గుర్తు సున్నా అయ్యేవరకూ ఆగుతా’ అని కూర్చున్న డ్రైవర్‌కి ఎప్పటికీ ఒకటే కనబడుతుంది. అది అలా అనంతకాలం ఎదురుచూస్తుంది. మన తెర బిగుసుకుపోతుంది. అందుకే ఎదురుచూపుకీ ఓ గడువు పెట్టుకోవాలన్నది డ్రైవర్‌ రచయితల రెండో సూత్రం.

నాలుగు దారులు

సరే, అడిగారు. ‘లేదు’ అని జవాబొచ్చింది. ఇప్పుడేం చేయాలి? ఇంట్లో పంచదార నిండుకున్నప్పుడు చుట్టాలొస్తే గృహిణి ఏం చేస్తుందో గుర్తుచేసుకోండి. బెల్లంతో టీ పెడుతుంది. లేదంటే టీ మానేసి మజ్జిగ ఇస్తుంది. అంతేగానీ వంటింటికి తాళం వేసి కూర్చోదు కదా! డ్రైవర్లకూ అలాంటి దారులే ఉన్నాయి.

మొదటిది... తానే చేసిపెట్టడం. 486 ఎస్‌ఎక్స్‌ కథకి ముగింపు ఇదే. ఆ చిప్‌కి దశాంశాల లెక్క ఎదురైనప్పుడు అది ‘నాకు రాదు’ అంటూ ఆపరేటింగ్‌ సిస్టమ్‌ని పిలుస్తుంది. లినక్స్‌ లాంటి వ్యవస్థలు ఆ పిలుపు అందుకుని, అదే లెక్కను మామూలు కూడికలు తీసివేతలతో తామే చేసి, జవాబును చిప్‌ చేతికిచ్చి, ‘ఊఁ, ఇక సాగు’ అనేవి. లెక్క అడిగిన ప్రోగ్రాముకి ఇదంతా జరిగినట్టే తెలియదు. పని చాలా నెమ్మదిగా అవుతుంది. కానీ అవుతుంది.

రెండోది... ఒక మెట్టు దిగడం. నెట్‌వర్క్‌ కార్డుకి ఇంటర్నెట్‌ నుంచి సమాచారం రాగానే అది ప్రాసెసర్‌ని పిలవాలి. పాత పద్ధతిలో నాలుగైదు కార్డులు ఒకే తీగను పంచుకునేవి. హాస్టల్‌ మొత్తానికి ఒకటే కాలింగ్‌ బెల్‌ ఉన్నట్టు. మోగిన ప్రతిసారీ ‘ఎవరికోసం?’ అని అన్ని గదులూ తిరగాలి. తర్వాత ఎంఎస్‌ఐ అనే పద్ధతి వచ్చింది. ఒక్కో పరికరం 32 వరకూ వేరువేరు పిలుపులు పెట్టుకోవచ్చు. ఆ తర్వాతి ఎంఎస్‌ఐ-ఎక్స్‌లో 2048 వరకూ! మంచి డ్రైవర్‌ ముందు పై మెట్టు అడుగుతుంది. లేదంటే మధ్య మెట్టు. అదీ లేదంటే పాత బెల్లే. లినక్స్‌లో ఈ మూడు మెట్లూ దిగే పనిని ఒకే ఆజ్ఞతో చేయించుకోవచ్చు.

మూడోది... ఉన్నట్టే ఊరుకోవడం. ఫోన్లు, చిన్న బోర్డుల్లో కొన్ని చిప్‌లకు కరెంటు అందించే భాగాన్ని డ్రైవర్‌ వెలిగించడం, ఆర్పడం చేస్తుంటుంది. కొన్ని బోర్డుల్లో అలా నియంత్రించే భాగమంటూ ఏదీ వివరాల్లో నమోదై ఉండదు. కరెంటు ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. అలాంటిచోట లినక్స్‌ ఓ ఉత్తుత్తి రెగ్యులేటర్‌ని సృష్టించి డ్రైవర్‌ చేతిలో పెడుతుంది. ‘వెలిగించు’ అంటే ‘సరే’ అంటుంది. చేసేదేమీ ఉండదు! పిల్లాడి చేతికి ఆట స్టీరింగ్‌ ఇచ్చినట్టు. అయితే తాను ఇచ్చింది ఉత్తుత్తిదేనని రికార్డులో ఒక ముక్క రాసి పెట్టడం మాత్రం మరిచిపోదు.

నాలుగోది... మర్యాదగా లేదని చెప్పేయడం. చెయ్యడానికి ఏమీ లేనప్పుడు అడిగినవాళ్లకి ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి. చెప్పడంలో ఏముందీ అనుకుంటాం. అక్కడే ఉంది అసలు కిటుకంతా.

నేను టైపురైటర్ని కాదు!

కంప్యూటర్లలో ‘లేదు’ అనడానికి ఒక్క మాట సరిపోదు. బోలెడన్ని ‘లేదు’లున్నాయి. ‘ఆ పేరుతో ఫైలు లేదు’ అనడానికి ఒక నంబరు. ‘నువ్వు అడిగిన విధానం తప్పు’ అనడానికి ఒకటి. ‘ఈ సదుపాయం నాకు లేదు’ అనడానికి లినక్స్‌లో 95. వీటన్నిటిలో తమాషా అయినది 25. పాత యూనిక్స్‌ రోజుల్లో తెర బదులు టెలిటైపు యంత్రాలుండేవి. వాటికి మాత్రమే చెల్లే ఆజ్ఞను వేరే పరికరానికిస్తే ‘నేను టైపురైటర్ని కాదు’ అని జవాబొచ్చేది. ఆ యంత్రాలు పోయి దశాబ్దాలైంది. నంబరు మాత్రం మిగిలింది. ఇప్పటికీ ఏ పరికరానికైనా దానికి తెలియని ప్రత్యేక ఆజ్ఞ ఇస్తే డ్రైవర్‌ ఇవ్వాల్సిన జవాబు ఆ ఇరవై అయిదే!

‘ఏ లేదైతే ఏంటి, లేదనేగా!’ అనిపిస్తుంది. 2012 డిసెంబరులో ఏం జరిగిందో చూడండి. లినక్స్‌లో వెబ్‌క్యామ్‌ డ్రైవర్‌కి ఓ మార్పు చేశారు. కెమెరాలో లేని సదుపాయం గురించి... ఫోకస్‌ మార్చడమో వెలుగు సరిచేయడమో... ఎవరైనా అడిగితే అంతకుముందు ‘నువ్వు అడిగింది చెల్లదు’ అనే నంబరు వచ్చేది. దాని బదులు ‘అలాంటి ఫైలు లేదు’ అనే నంబరు వచ్చేలా మార్చారు. డ్రైవర్‌ రాసినవాళ్ల దృష్టిలో అది మరింత కచ్చితమైన జవాబు. కానీ పాత నంబరుకి అలవాటుపడిన కొన్ని డెస్క్‌టాప్‌ ప్రోగ్రాములు తికమకపడి, సరిగా పనిచేయడం మానేశాయి.

‘తప్పు ఆ ప్రోగ్రాములదే’ అన్న వాదన వచ్చింది. లినక్స్‌ సృష్టికర్త లైనస్‌ టోర్వాల్డ్స్‌కి కోపం నషాళానికి అంటింది. ఘాటుగా జవాబు రాశారు. సారాంశం ఇదీ... కెర్నల్‌లో చేసిన మార్పు వల్ల వాడుకరుల ప్రోగ్రాము చెడితే తప్పు కెర్నల్‌దే. ఎదుటివాళ్ల మీద నెట్టొద్దు. అప్పటికే తెరిచి ఉన్న పరికరాన్ని ఓ ప్రశ్న అడిగితే ‘అలాంటి ఫైలు లేదు’ అనడంలో అర్థమూ లేదు. ఆ మాటల కరకుదనాన్ని తప్పుపట్టినవాళ్లున్నారు. కానీ ఆ సూత్రాన్ని కాదన్నవాళ్లు తక్కువ. మార్పు వెనక్కి వెళ్లిపోయింది.

ఇందులోంచి నేర్చుకోవాల్సింది ఒక్కటే. ‘లేదు’ అనేది కూడా ఒక మాటే. ఒకసారి ఇచ్చాక దాన్ని నమ్ముకుని బతికేవాళ్లుంటారు. వీడియో కాల్‌ ప్రోగ్రాము ‘ఫోకస్‌ ఉందా?’ అని అడిగి, లేదంటే ఆ మీటని తెర మీంచి తీసేస్తుంది. అదే ‘ఏదో తప్పు జరిగింది’ అన్న గోడకి కొట్టినట్టు జవాబొస్తే కెమెరాయే చెడిపోయిందనుకుని మొత్తం కాల్‌ని ఆపేస్తుంది. ఫోకస్‌ మీట లేకపోవడం పెద్ద నష్టం కాదు. అమెరికాలో ఉన్న మనవడి మొహం కనిపించకపోవడం నష్టం.

చాదస్తాల చిట్టా

ఇంతవరకూ నిజం చెప్పే పరికరాల సంగతి. అబద్ధం చెప్పేవాటి మాటేమిటి? అవును, పరికరాలూ అబద్ధమాడతాయి!

కొన్ని పెన్‌డ్రైవ్‌లను ‘నీ చివరి గది నంబరెంత?’ అని అడిగితే, మొత్తం గదులెన్నో చెబుతాయి. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి రెండింటికీ ఒకటి తేడా. ఆ లేని గదిలోకి తొంగిచూస్తే కొన్ని పెన్‌డ్రైవ్‌లు తెల్లమొహం వేస్తాయి. ఇంకొన్నింటిని ‘నీ వివరాలు చెప్పు’ అని అడిగేటప్పుడు సరిగ్గా 36 బైట్లే అడగాలి. ఎక్కువ అడిగితే బిగుసుకుపోతాయి. మరో ప్రశ్నకి 192 బైట్లే అడగాలి. ఎందుకలా? విండోస్‌ అలాగే అడుగుతుంది కాబట్టి. తయారీదారులు విండోస్‌తో పరీక్షించి, పనిచేసిందనుకుని, పెట్టెల్లో సర్ది పంపేశారు. దాంతో లినక్స్‌ కూడా అచ్చం విండోస్‌ అడిగినట్టే అడగడం నేర్చుకుంది. పరాయి ఊళ్లో పెద్దాయనతో మాట్లాడాలంటే ఆ ఊరి యాసలో పలకరించినట్టు!

ఇలాంటి మొండి పరికరాల కోసం లినక్స్‌ రచయితలు జాబితాలు రాసిపెట్టుకున్నారు. వాటిని ‘క్వర్క్స్‌’ అంటారు. తెలుగులో చెప్పాలంటే చాదస్తాలు. ఫలానా కంపెనీ, ఫలానా మోడల్‌... దీనితో ఇలా మెలగాలి. ఫలానాది ‘నాకు వచ్చు’ అన్నా నమ్మొద్దు... అని ఆ చిట్టాల్లో ఉంటుంది.

నమ్మొద్దు అనడానికి గట్టి కారణమే ఉంది. ఎస్‌ఎస్‌డీలకు ‘ఈ గదుల్లో సమాచారం ఇక అక్కర్లేదు’ అని చెప్పే ఆజ్ఞ ట్రిమ్‌. దాన్ని మిగతా పనులతోపాటే వరసలో పంపే కొత్త పద్ధతి ఒకటి తర్వాత వచ్చింది. కొన్ని ఎస్‌ఎస్‌డీలు అది తమకు వచ్చని చెప్పాయి. తీరా పంపితే తడబడ్డాయి. సమాచారానికే ముప్పు వచ్చే వ్యవహారం కావడంతో క్రూషియల్‌, శాంసంగ్‌ సంస్థల కొన్ని మోడళ్లను 2015 నాటికే లినక్స్‌ ఆ చిట్టాలో చేర్చింది. వాటి విషయంలో కొత్త పద్ధతి మానేసి పాత ట్రిమ్‌నే వాడుతుంది. కాస్త వేగం తగ్గితే తగ్గింది... ఫైళ్లు భద్రంగా ఉన్నాయి.

ఊహ ఖరీదెంత?

కంప్యూటర్‌ రికార్డుల్లో లినక్స్‌ వాడేవాళ్లకి తరచూ ఎదురయ్యే వాక్యం ఒకటుంది. పెన్‌డ్రైవ్‌ పెట్టగానే వస్తుంది. ‘క్యాష్‌ వివరాల పేజీ దొరకలేదు... రైట్‌ త్రూ అని అనుకుంటున్నాను’ అని దాని భావం. చాలామంది పట్టించుకోరు. కానీ మన ఫొటోల భద్రత ఆ ‘అనుకుంటున్నాను’లోనే ఉంది.

ఇద్దరు గుమస్తాలను ఊహించుకోండి. ఒకాయన మీరు చెప్పిన లెక్కను అక్కడికక్కడే పద్దు పుస్తకంలో రాసి ‘రాశాను’ అంటాడు. అది రైట్‌ త్రూ. ఇంకొకాయన చీటీ మీద రాసుకుని, జేబులో పెట్టుకుని ‘రాశాను’ అంటాడు. తీరిగ్గా పుస్తకంలోకి ఎక్కిస్తాడు. రెండో ఆయనతో పని తొందరగా అవుతుంది. కానీ జేబులో చీటీ ఉండగా ఆయన్ని బయటకు గెంటేస్తే లెక్క పోయినట్టే. కాబట్టి అప్పుడప్పుడూ ‘జేబులో ఉన్నవన్నీ పుస్తకంలో ఎక్కించు’ అని చెబుతుండాలి.

డిస్కు ఏ రకం గుమస్తానో డ్రైవర్‌ అడుగుతుంది. చాలా పెన్‌డ్రైవ్‌లకు ఆ ప్రశ్నే అర్థం కాదు. అప్పుడు డ్రైవర్‌ ముందు రెండు దారులు. జేబు ఉందనుకుని ‘ఎక్కించు’ అని చెబుతూ ఉండటం ఒకటి. ఆ ఆజ్ఞ తెలియని పెన్‌డ్రైవ్‌ ప్రతిసారీ తప్పు చూపించవచ్చు, బిగుసుకుపోనూవచ్చు. జేబు లేదనుకోవడం రెండోది. తీరా ఉంటే, గబుక్కున పీకేసినప్పుడు ఆఖర్న రాసిన ఫైళ్లు పోవచ్చు. లినక్స్‌ రెండోదాన్ని ఎంచుకుంది. నూటికి నూరుపాళ్లు సరైన జవాబు ఇక్కడ లేదు. ఉన్నవాటిలో ఎక్కువ పరికరాలకు తక్కువ ఇబ్బంది కలిగించేదాన్ని ఎంచుకుని, ఎంచుకున్నానని పైకి చెప్పడమే పద్ధతి. అది ‘రైట్‌ త్రూ’ అని ఊరుకోలేదు, ‘అనుకుంటున్నాను’ అంది. ఆ ఒక్క మాటే, రేపు ఎవరిదైనా పెళ్లి ఆల్బమ్‌ పోతే కారణం వెతికేవాళ్లకు దారి చూపిస్తుంది.

సర్దుకుపోవడానికి ఉండాల్సిన హద్దు కూడా ఇదే. వేగం తగ్గితే సర్దుకుపోవచ్చు. రంగులు తగ్గితే సర్దుకుపోవచ్చు. సమాచారం భద్రంగా ఉందో లేదో, రహస్యంగా ఉందో లేదో... ఈ రెండింటి దగ్గర మాత్రం ఉన్నట్టు నటించకూడదు. తాళం వేయమంటే వేయలేకపోయిన డ్రైవర్‌ ‘వేశాను’ అనకూడదు. పని ఆగినా ఫర్వాలేదు, నిజం చెప్పాలి.

పెళ్లిచూపుల పద్ధతి

ఈ పాఠాలన్నీ ఒంటబట్టాక పుట్టిన పద్ధతి ‘వర్ట్‌ఐఓ’. ఒకే పెద్ద కంప్యూటర్లో పది ఉత్తుత్తి కంప్యూటర్లను నడిపే క్లౌడ్‌ కేంద్రాల్లో దీన్ని విరివిగా వాడుతున్నారు. ఆస్ట్రేలియాకి చెందిన ప్రోగ్రామర్‌ రస్టీ రసెల్‌ దీనికి శ్రీకారం చుట్టారు. ఇందులో పని మొదలవకముందే ఇరుపక్షాలూ కూర్చుని మాట్లాడుకుంటాయి. పరికరం ‘నాకు ఇవన్నీ వచ్చు’ అని జాబితా ఇస్తుంది. డ్రైవర్‌ అందులో తనకు అర్థమైనవాటికే టిక్కు పెడుతుంది. తెలియనివాటి జోలికి పోదు. జాబితాలో లేనిదాన్ని అడగదు. ‘సరేనా?’ అంటుంది. పరికరం ‘సరే’ అంటేనే లగ్నం పెట్టుకున్నట్టు. కాదంటే అక్కడితో ఆగిపోతారు, ఎవరికీ నష్టం లేదు. పదేళ్ల నాటి డ్రైవర్‌ కొత్త పరికరంతో, కొత్త డ్రైవర్‌ పాత పరికరంతో కాపురం చేయగలగడానికి కారణం ఈ ముందస్తు మాటలే.

‘ఉంది’ అని చెప్పడం తేలిక. ‘లేదు’ అని సరైన సమయంలో, సరైన మాటతో చెప్పడం, విన్నవాళ్లు దాన్ని అర్థం చేసుకుని మరో దారి వెతుక్కోవడం... యంత్రాలకు ఇది నేర్పడానికి ఇంజినీర్లకు దశాబ్దాలు పట్టింది. ఇంకా నేర్పుతూనే ఉన్నారు.

శంషాబాద్‌ కౌంటర్లో ఆ రోజు పెన్ను తీసినవాళ్లు డ్రైవర్‌ కోడ్‌ ఎప్పుడూ చదివి ఉండరు. ‘కంప్యూటర్‌ పనిచేయట్లేదు’ అన్న నిజాన్ని ఒప్పుకున్నారు. ఒక మెట్టు దిగారు. ప్రయాణికుడిని విమానం ఎక్కించారు. మంచి డ్రైవర్‌ చేయాల్సింది కూడా అంతే!

* * *

మీ కంప్యూటర్‌ ఏమంటోంది?

కొత్త పరికరం పెట్టాక పనిచేయకపోతే విండోస్‌లో ‘డివైస్‌ మేనేజర్‌’ తెరిచి చూడండి. పసుపు గుర్తు ఉన్నచోట ఓ కోడ్‌ నంబరు కనిపిస్తుంది. అదే మీకు వచ్చిన జవాబు.

కోడ్‌ 28: ఈ పరికరానికి డ్రైవరే లేదు. పరికరం తయారుచేసిన సంస్థ వెబ్‌సైట్‌ నుంచి తెచ్చుకుని పెట్టుకోవాలి. ఊరూపేరూ లేని ‘డ్రైవర్‌ అప్‌డేట్‌’ ప్రోగ్రాముల జోలికి వెళ్లొద్దు.

కోడ్‌ 10: డ్రైవర్‌ ఉంది, కానీ పరికరాన్ని మొదలుపెట్టలేకపోయింది. డ్రైవర్‌ని తీసేసి మళ్లీ వేసి చూడాలి. యూఎస్‌బీ పరికరమైతే వేరే పోర్టులో పెట్టి చూడటమూ మంచిదే.

కోడ్‌ 43: పరికరమే ‘నాలో ఏదో తేడా ఉంది’ అని చెప్పడంతో విండోస్‌ దాన్ని ఆపేసింది. కేబుల్‌, పోర్టు మార్చి చూడండి. వేరే కంప్యూటర్లోనూ ఇంతే అయితే లోపం పరికరంలోనే ఉండొచ్చు.

‘మైక్రోసాఫ్ట్‌ బేసిక్‌ డిస్‌ప్లే అడాప్టర్‌’ అని కనిపిస్తోందా? మీ గ్రాఫిక్స్‌ కార్డుకి సరైన డ్రైవర్‌ దొరక్క, విండోస్‌ ఓ సాదాసీదా డ్రైవర్‌తో నెట్టుకొస్తోందన్నమాట. కంగారక్కర్లేదు. అసలు డ్రైవర్‌ వేస్తే తెర కళకళలాడుతుంది.

పెన్‌డ్రైవ్‌ పీకే ముందు: విండోస్‌లో 2018లో వచ్చిన 1809 వెర్షన్‌ నుంచీ బయటి డ్రైవ్‌లకు ‘క్విక్‌ రిమూవల్‌’ పద్ధతి దానంతటదే అమల్లో ఉంటుంది. అయినా కాపీ అవుతుండగా మాత్రం తీయకూడదు. లినక్స్‌లో అయితే ‘ఇజెక్ట్‌’ నొక్కి, సరేనన్నాకే తీయాలి. జేబులో చీటీలున్నాయేమో ఎవరికి తెలుసు!